పొరుగువారిపై సామెతలు

గత మాసమున విజయవాడ ఆటోనగరునందు మాకు పరిచితులగు వారి యింటికి పోయియుంటిమి. ఆ వీథిలో లారీలకు బాడీలు కట్టు సుత్తెల చప్పుడు తెల్లవారినది మొదలు వినవచ్చుచునే యుండును. కళాశాలలో చదువుచున్న ఆ యింటి చిన్నది, తాను స్నేహితురాండ్రతో హోటలుకు పోయి, ఎవరి పైకము వారే యిచ్చుకొంటిమనియు, దానిని ఇంగ్లీషున ‘డచ్ ట్రీట్’ అందురనియు చెప్పి నవ్వెను. “డచ్చివారంత పిసినారులా యేమే?” యని మామ్మగారడిగిరి.

ఆ ప్రశ్నకు సమాధానము, ఆ పేట ప్రక్కగా పోవు బందరు రోడ్డు చివరనే కలదు. డచ్చివారిని మన పెద్దలు వలందులనిరి. వారు 1605లో బందరు రేవునకు వచ్చి, గోలకొండ సుల్తానుల యేలుబడిలో వర్తకశాల నెలకొల్పి, మన నేతగాండ్ర బట్టలను, అద్దకపు పనివారి కలంకారీలను ఓడల కెక్కించిరి. ఇంగ్లీషువారు 1611లో గ్లోబ్ అను నోడపై వచ్చిరి. వారి వర్తకమును నడపిన పీటర్ ఫ్లోరిస్ అంతకుముందు డచ్చి కంపెనీ కొలువున నుండినవాడే! అనగా, దారి తెలిసినవానిని వెంటబెట్టుకొని వచ్చిరన్నమాట.

పిదప పోటీ ముదిరి, 1652 మొదలు 1674 లోపల ఆ రెండు జాతులును మూడు మారులు యుద్ధము చేసిరి. పగ నాలుక కెక్కెను. త్రాగి తెచ్చుకొన్న తెగువ ‘డచ్చి ధైర్యము’. తెలియని మాట ‘డబుల్ డచ్’. కటువుగా మందలించువాడు ‘డచ్చి మామ’. ఇవన్నియు ఆనాడే పుట్టలేదు. కొన్ని ఆ యలవాటుచొప్పున తరువాత చేరినవి. యుద్ధములు ముగిసినను ఎగతాళి ముగియలేదు. మన బందరులోనో, వలందపాలెము, ఇంగ్లీషుపాలెము, పరాసుపేట యొక్క యూరనే యిమిడియున్నవి.

“దొరల నోరు మంచిది కాదమ్మా” యని మామ్మగారు నవ్విరి. అంతలో ప్రక్కవాటానుండి అరవమాటలు వినబడగా, “అబ్బ! ఏమి యరవగోల!” యనిరి. మేమును నవ్వితిమి. తలయెత్తి చూడగా, కాఫీపొడి బదులడుగవచ్చిన పొరుగింటి యిల్లాలు గిన్నెతో గుమ్మమున నిలిచియుండెను. వారు లారీపనికై నామక్కల్లునుండి వచ్చినవారు. ఆమెకు తెలుగు చక్కగా తెలియును. మారుమాటాడక మరలిపోయెను.

మా నవ్వు నడుమనే యాగెను. మామ్మగారు తామే లేచి, డబ్బాతో కాఫీపొడి తీసికొని పోయిరి. మేమును వెంట నడచితిమి. “నోరు జారితిని తల్లీ, మనసులో పెట్టుకొనకు” మనిరి. “పరవాలేదండీ మామ్మగారూ, మాకు అలవాటైపోయినది” అని ఆమె బదులు పలికెను. కోపించియుండిన మాకింత బాధ కలుగకపోయెడిది.

సోదరీమణులారా! ఇంగ్లీషువారి సామెతలో డచ్చివారు పడిన పాటు మనకు సులువుగా కనబడినది. మన నోటిలోని ముల్లు మనకు కనబడలేదు. పుస్తకములోని సామెతను బడి నేర్పును. ఇరుగుపొరుగుల నే పేరున పిలువవలెనో బిడ్డలకు మన వంటయిల్లే నేర్పును. ఆ మాట యిక మా నోట రాకుండ చూచుకొనుచున్నాము. మీ యింట నట్టిది కలదేమో, ఒకసారి చెవియొగ్గి వినుడు.