వంగిన నడుము ఎవరిది?

ఆవర్‌పూర్ అంటే ఇవాళ గుర్తొచ్చేది సిమెంటు. 1983లో ఎల్ అండ్ టీ పెట్టిన ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు అల్ట్రాటెక్ చేతిలో ఉంది. ఇప్పుడు మహారాష్ట్రలోని కోర్పనా తాలూకాలో ఉన్న ఈ ఊరు నిజాం కాలంలో ఆదిలాబాద్ జిల్లా రాజురా కింద ఉండేది. 1956లో రాజురా బొంబాయి రాష్ట్రంలో కలిసింది. తెలుగు మాత్రం ఆ వైపు ఇంకా వినిపిస్తూనే ఉంది.

అతి విధేయతకు ఇంగ్లీషులో ఉన్న ‘అబ్సీక్వియస్’ గురించి రాయబోతే ఈ నేల అడ్డొచ్చింది. లాటిన్‌లో ఆ మాటకు మూలం వెంట నడవడం. మొదట అది తిట్టు కాదు. ‘హామ్లెట్’లో తండ్రి పోయిన కొడుకు కొన్నాళ్లు పాటించాల్సిన శోకానికి షేక్‌స్పియర్ వాడింది ఆ మాటే. చెడ్డ అర్థం రానురాను దానికి అంటుకుంది. ‘టోడీ’ కథ ఇంకా తమాషా. సంతలో మందులమ్మే వైద్యుడి మహిమ చాటడానికి నౌకరు విషమని జనం నమ్మే కప్పను (‘టోడ్’ను) మింగినట్టు నటించేవాడు. కాకారాయుడికి ఆ పేరు అలా వచ్చింది.

ఈ రెండు మాటలూ వంగినవాడినే వేలెత్తి చూపుతాయి, ఏదో ఆశించి వంగాడని. మరి ఈ నిజాం నేల మీద ‘బాంచన్ దొరా, కాల్మొక్తా’ (నీ బానిసను దొరా, కాళ్లు మొక్కుతా) అన్నవాడి సంగతేమిటి? అప్పట్లో చాకలి, మంగలి, కుమ్మరి దొర గడీకి కూలి లేకుండా వెట్టి చెయ్యాలి. గడీ ముందుగా పోతే చెప్పులు విప్పి చేతబట్టాలి. దొర కంటబడితే కూర్చున్నవాడు లేచి నిలబడాలి. ఆ మాటలు నోట రాకపోతే వీపు చిట్లుతుంది.

వాళ్ల రక్తంలోనే అణకువ ఉందనేవారు చరిత్ర చదవాలి. అప్పటి ఇదే ఆదిలాబాద్ జిల్లా జోడేఘాట్‌లో 1940లో కొమురం భీం పోరాడి నేలకొరిగాడు. జనగామ వైపు కడవెండిలో 1946 జులై 4న విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తూటాకు దొడ్డి కొమురయ్య బలయ్యాడు. కాల్మొక్కిన చేతులే తర్వాత బందూకులు పట్టాయి. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను దొర గూండాలకు దక్కనివ్వలేదు.

కాబట్టి బాంచన్‌ను ‘అబ్సీక్వియస్’ అని అనువదించేవారితో మాకు పేచీ ఉంది. ఆ ఇంగ్లీషు మాట అతికినట్టు సరిపోయే చోట్లు వేరే ఉన్నాయి. సన్మాన సభలు, మంత్రిగారి పుస్తకావిష్కరణలు, అడిగి రాయించుకున్న ముందుమాటలు. అక్కడ ఎవరి చేతిలోనూ కొరడా లేదు.

మా బల్ల మీదికొచ్చే కథల వెంట కూడా సంపాదకులకు పాదాభివందనాలు వస్తుంటాయి. అవి వద్దు. కథ పంపండి, కింద మీ పేరు రాయండి, చాలు.