ట్రాక్టరుకు తగని బ్యాక్‌హో తగిలింపవద్దు



ఎత్తు కుదరని ఎద్దులను ఒక కాడికి కట్టరాదని మీకు ఒకరు చెప్పనక్కరలేదు. ఆ జాగ్రత్తను ట్రాక్టరు విషయములో మాత్రము మనము మరచుచున్నాము.

కర్నూలు, కడప ప్రాంతములలో నీటి కుంటలు, పైపులైను కాలువలు, చీనీ, మామిడి గుంతలు త్రవ్వు పని ఎక్కువ. అందుకై కొందరు, వేరొక ట్రాక్టరుకు చేసిన పాత బ్యాక్‌హోను చవుకగా కొని, వెల్డింగు షాపులో పిన్నులు మార్పించి, లిఫ్టు చేతులకు తగిలించుచున్నారు. ఇది కూడదని నా గట్టి అభిప్రాయము.

మూడు లింకుల అమరికలో మొదటి తరగతికి క్రింది పిన్ను 22 మిల్లీమీటర్లు, రెండవ తరగతికి 28 మిల్లీమీటర్లు. కల్టివేటరుకైతే బుష్షు వేసి ఈ తేడాను సరిపెట్టవచ్చును. బ్యాక్‌హోకు అది చాలదు. ఏలయన కల్టివేటరు ట్రాక్టరు వెంట నడచును. బ్యాక్‌హో నేలను అదిమి, పెకలించి, బరువును ప్రక్కకు త్రిప్పును. సాధారణముగా లిఫ్టు చేతులు పైకెత్తగలవే గాని క్రిందికి అదిమి పట్టలేవు. బకెట్టు గట్టి గరపనో నాపరాతినో అదిమినప్పుడు యంత్రమే పైకి లేచి ట్రాక్టరు వైపు మడుచుకొనవచ్చును. బ్యాక్‌హో సీటుపై ఉన్న మనిషి నడుమ నలిగిపోవును. ప్రాణము దక్కినను, ఆ ఒత్తిడికి వెనుక యాక్సిలు పెట్టె పగిలినచో అప్పు చేసి తెచ్చిన ట్రాక్టరు మూలబడును.

కావున కొనుటకు ముందు మూడు సంగతులు చూడుడు.

1. చట్రము: మీ ట్రాక్టరు మోడలుకే తయారైనదై, ముందు భాగము నుండి వెనుక యాక్సిలు వరకు బోల్టులతో బిగించునదై ఉండవలెను.

2. ఆయిలు: బ్యాక్‌హోకు ఆయిలు ఎడతెగక పారవలెను. ట్రాక్టరు పంపు చాలనిచో పని మందగించి ఆయిలు వేడెక్కును. పి.టి.ఒ.తో నడుచు వేరు పంపు, వేరు ట్యాంకు మేలు.

3. బరువు: వెనుక బరువు హెచ్చినచో ముందు చక్రములు తేలి స్టీరింగు పట్టు తప్పును. తయారీదారు చెప్పినంత బరువును ముందు అమర్చవలెను. రేగడి నేలలో ఊతకాళ్ళ క్రింద పలకలు వేయవలెను.

“అద్దె యంత్రము ఖర్చు గదా” అందురు. నిజమే. కాని ఒక రైతుకు త్రవ్వుడు పని ఏడాదికి కొద్ది దినములే. ఆ కొద్ది దినములకు గంటల లెక్కన అద్దెకు తెచ్చుటయే లాభము. ఏడాది పొడుగునా పని దొరకువారు మోడలుకు సరిపడు కొత్తదానినే కొనుడు.

గ్రామోద్యోగులకు ఒక మనవి. మీ ఊరిలో ఇట్టి అతుకుల యంత్రము కనబడినచో దానిని పనికి పిలువకుడు, యజమానికి నచ్చజెప్పుడు. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రముల శిక్షణ, పరీక్షా సంస్థ కలదు. ఉత్సాహవంతులైన యువకులను అచటికి శిక్షణకు పంపుడు.

కుంట ఈ వేసవిలో కాకున్న వచ్చే వేసవిలో త్రవ్వుకొనవచ్చును. పోయిన మనిషి తిరిగి రాడు.