మట్టి పిసికితే చదువు పోతుందా?

కొంచెం పొడుగు పోస్టు ఇది. తిట్టాలనిపిస్తే చివరిదాకా చదివి తిట్టండి.

మొన్న మా ఊరి ఎలిమెంటరీ బళ్ళో తల్లిదండ్రుల మీటింగ్ పెట్టారు. టీచరమ్మ లేచి, "నాలుగు, ఐదు తరగతుల పిల్లల్ని వారానికో పూట పక్క చేలోకి తీసుకెళ్తాను, మొక్కల పాఠం అక్కడే చెప్తాను, మీకేమైనా అభ్యంతరమా?" అని అడిగింది. అంతే, ఒకటే గోల. "మట్టి పిసకడానికైతే బడెందుకమ్మా, ఇంటి దగ్గరే పిసుకుతారుగా" అని ఒకాయన. "మేం పడ్డ పాట్లు చాలు, వాళ్లనన్నా చదువుకోనీయండి" అని ఇంకో ఆవిడ. అన్నవాళ్లంతా నాతోపాటు తెల్లారేసరికి చేలో ఉండేవాళ్లే. రెండేళ్ల కిందటైతే నేనూ ఆ మాటే అనేవాణ్ణి. ఇప్పుడెందుకు అనలేకపోయానో చెప్తా.

పోయినేడు నాలుగెకరాల్లో కంది వేశా. విత్తనం తెలిసిన కొట్లో, బిల్లు లేకుండా తెచ్చా. అది నా తప్పే. విత్తిన మూడో రోజు మా పాప (ఐదో తరగతి) బడికి గుప్పెడు గింజలు కావాలంది. సంచి అడుగున మిగిలినవి ఇచ్చా. వాళ్లు చేసింది ఇంతే. తడిపిన గోనెపట్టా ముక్క మీద పదేసి గింజలు పది వరసలు పేర్చారు. పైన ఇంకో తడి పట్టా కప్పి, చుట్టి, నీడన పెట్టారు. ఆరకుండా రోజూ నీళ్లు చిలకరించారు. వారం తర్వాత విప్పి లెక్కపెట్టారు. పాప నోటుబుక్కులో రాసుకొచ్చింది: బాగా మొలిచినవి 48, కుళ్ళినవి 31, వంకర మొలకలు 9, ఉబ్బకుండా రాయిలా ఉన్నవి 12. కంది విత్తనానికి ఉండాల్సిన కనీస మొలక 75 శాతం. ఆ రాళ్ల లాంటి గింజల్ని కూడా కలుపుకున్నా 60 దాటలేదు.

అప్పటికి నా చేలో సాలుకి సగం ఖాళీ. దుక్కి ఖర్చు, కూలి, తొలకరి పదును అన్నీ పోయాయి. నేను నాలుగెకరాలు పెట్టి తెలుసుకున్నది ఆ పిల్ల గోనె ముక్క మీద తెలుసుకుంది. దీన్నేనా మనం మట్టి పిసకడం అంటున్నది?

మన పిల్లలు కిరణజన్య సంయోగక్రియ నిర్వచనం గుక్కతిప్పుకోకుండా చెప్తారు. థర్మాకోల్‌తో ఆకు బొమ్మ చేసి, రంగులేసి, ప్రైజు కూడా తెస్తారు. బడి గోడ అవతలే చేను ఉన్నా, నిజం ఆకుకి పాలిథిన్ కవరు కట్టి, మధ్యాహ్నానికి లోపల నీటి బొట్లు ఎందుకు పట్టాయని అడిగినవాడు లేడు. నందివర్ధనం కొమ్మకో, వేప కొమ్మకో కడితే చాలు. మొక్క ఎంత నీరు ఆవిరి చేస్తుందో కళ్లారా చూస్తారు.

మూడు గ్లాసుల సంగతి చూడండి. ఒకదాంట్లో శనగలు నిండా నీళ్లలో, ఒకదాంట్లో తడిగుడ్డలో, ఒకదాంట్లో పొడిగా. తడిగుడ్డలోవి చక్కగా మొలుస్తాయి. మునిగినవి గాలి ఆడక కుళ్ళిపోతాయి. విత్తిన మర్నాడే పెద్ద వాన పడి నీళ్లు నిలిస్తే మొలక ఎందుకు పోతుందో అందులోనే ఉంది. మనమేమో దిష్టి తగిలిందంటాం.

ఏకదళ బీజం, ద్విదళ బీజం అని మనమూ చదివాం, పరీక్షలో రాశాం, మర్చిపోయాం. మా బావ వరిలో వెడల్పాకు కలుపుకి టూ,ఫోర్-డీ కొట్టి, ట్యాంకు సరిగా కడగకుండా అదే స్ప్రేయరుతో పత్తికి పురుగుమందు కొట్టాడు. పది రోజులకి పత్తాకులు బెండాకుల్లా చీలి ముడుచుకుపోయాయి. వరి ఏకదళం, తట్టుకుంటుంది. పత్తి ద్విదళం, అందులోనూ ఆ మందుకి మరీ సున్నితం. జొన్న మొలకనీ కంది మొలకనీ పక్కపక్కన పెట్టి, ఒకదానికి పీచువేళ్లు, ఒకదానికి తల్లివేరు అని తొమ్మిదేళ్లప్పుడు చేత్తో పట్టుకుని చూసినవాడు మందు డబ్బా మీద 'వెడల్పాకు' అనే మాట చూడగానే ఆగుతాడు.

ఇంకొకటి. పూతకొచ్చిన పెసర మొక్కని మట్టితో సహా పెకలించి, వేళ్లు మెల్లగా కడిగి బుడిపెలు లెక్కపెట్టించండి. ఒక బుడిపె గోటితో గిల్లితే లోపల ఎర్రగా ఉందా, అది గాలిలోని నత్రజని పట్టి మొక్కకిస్తున్నట్టే. పాలిపోయి తెల్లగా ఉంటే పని జరగట్లేదు. (ఇదీ కాక, నులిపురుగు కాయలు కూడా వేళ్ల మీద అలాగే కనపడతాయి. బుడిపె తేలిగ్గా ఊడొస్తుంది, నులిపురుగు కాయ వేరులో భాగమైపోతుంది, ఊడదు.) ఇది తెలిసిన పిల్లోడు రేపు పెసరకి యూరియా బస్తా మోసేముందు వేరు పీకి చూస్తాడు.

ఇదేం కొత్త పిచ్చి కాదు. మధ్యప్రదేశ్‌లో హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 పల్లెటూరి బళ్ళలో, ఆరు నుంచి ఎనిమిది తరగతులకి, ప్రయోగం చేస్తూ సైన్సు నేర్పడం మొదలుపెట్టారు. పిల్లలు పొలాలకి వెళ్లి పంటలు చూసేవాళ్లు. అది వందల బళ్ళకు పాకింది. 30 ఏళ్లు నడిచాక 2002లో ప్రభుత్వమే ఆపేసింది. అక్కడ ఆపింది ప్రభుత్వం. ఇక్కడ మొదలు కాకుండానే అడ్డం పడుతున్నది మనం.

ఒక భయం మాత్రం న్యాయమైనదే. బళ్ళో పిల్లల చేత చీపురు పట్టించడం, గడ్డి పీకించడం మనందరం చూశాం. దాన్ని నేనూ ఒప్పుకోను. చేలో కలుపు తీయిస్తే అది పని. కలుపులో ఎన్ని రకాలున్నాయో లెక్కపెట్టి, వేళ్లు చూసి, రాసుకోమంటే అది పాఠం. తేడా తెలియనంత అమాయకులం కాదుగా మనం.

"మా వాడు డాక్టరో, ఇంజనీరో కావాలి" అనేవాళ్లకి కూడా ఒక మాట. డాక్టరు పరీక్షలోనూ వృక్షశాస్త్రం ఉంది. అగ్రికల్చర్ బీఎస్సీలో రైతు బిడ్డలకి కోటా ఉంది. చెయ్యి పెట్టి చూసినవాడికి బట్టీ కొట్టే బాధ సగం తగ్గుతుంది.

నేను టీచరమ్మకి మాటిచ్చేశా. బడి పక్కనున్న మా చేను మూల రెండు సెంట్లు పిల్లలకే. పురుగుమందు కొట్టే రోజుల్లో పిల్లలు అటు రాకుండా ముందే కబురు పెడతా. ఈసారి విత్తనం తెచ్చుకున్నవాళ్లు, విత్తడానికి పది రోజుల ముందు, సంచికి నూట యాభై గింజలు చీటీ కట్టి బళ్ళో ఇవ్వండి. వంద మొలకకి, మిగతావి మళ్లీ చూసుకోడానికి. చీటీ మీద పేరు, కొన్న కొట్టు, లాట్ నెంబరు రాయండి. బిల్లు మాత్రం ఇంట్లో జాగ్రత్తగా పెట్టుకోండి, మొలక తక్కువొస్తే వ్యవసాయ అధికారి దగ్గర అది కావాలి. లెక్క పిల్లలు బోర్డు మీద రాస్తారు, మీరు వచ్చి చూసుకోండి.