"వైద్యం మానేశారు": కర్త ఎవరు?



పిల్లల కాన్సర్ మాట ఎత్తితే చాలు, "చదువులేని తల్లిదండ్రులు, మధ్యలోనే వైద్యం మానేస్తారు" అంటారు చదువుకున్నోళ్లు. ఈ నిందను ఇవాళ తిప్పికొట్టాలి.

చిన్నపిల్లల కిడ్నీలో వచ్చే ఒక కాన్సర్ పేరు విల్మ్స్ ట్యూమర్. 1899లో దానిమీద పుస్తకం రాసిన జర్మన్ సర్జన్ మాక్స్ విల్మ్స్ పేరే దానికి స్థిరపడింది. ఎక్కువగా ఐదేళ్లలోపు పిల్లల్లో కనిపిస్తుంది. పొట్టలో ఒకపక్క గట్టిగా గడ్డ ఉంటుంది, చాలాసార్లు నొప్పి ఉండదు. పిల్ల ఆడుకుంటూనే ఉంటుంది. కొందరికి మూత్రంలో రక్తం, జ్వరం, బీపీ. చాలాసార్లు దాన్ని మొదట పట్టుకునేది డాక్టరు కాదు, స్నానం చేయించే తల్లి చెయ్యి.

అంటే జబ్బును గుర్తించేది ఆ "చదువులేని" తల్లే. ఆమె మాట వినేదెవరు? నులిపురుగులని ఒకరు మాత్ర ఇస్తారు. గ్యాసని ఇంకొకరు సిరప్ రాస్తారు. ఒక్క అల్ట్రాసౌండ్ రాసే చెయ్యి దొరికేసరికి గడ్డ ముదురుతుంది.

వైద్యం లేక కాదు. గడ్డతో సహా కిడ్నీ తీసేస్తారు. విన్‌క్రిస్టిన్, ఆక్టినోమైసిన్ ఇస్తారు. ముదిరితే డాక్సోరూబిసిన్, రేడియేషన్ కలుపుతారు. మిగిలిన కిడ్నీతో పిల్ల బతుకుతుంది. ధనిక దేశాల్లో 10 మందిలో దాదాపు 9 మంది బతుకుతున్నారు. ఆ విన్‌క్రిస్టిన్ మన వాడల్లో ఇళ్లముందు పూసే బిళ్లగన్నేరు నుంచి తీసిన మందే. (ఆకు నూరి తాగించొద్దు, అది విషం.) మొక్క మన వాకిట్లో, మందు మాత్రం పట్నంలో!

ఆరోగ్యశ్రీ 2007 నుంచి ఉంది కదా అంటారు. ఆపరేషన్ బిల్లు కడితే సరిపోతుందా? కీమో నెలల తరబడి సాగుతుంది. ఆదిలాబాద్ నుంచి హైదరాబాద్ దాదాపు 300 కిలోమీటర్లు. తోడొచ్చిన తల్లి కూలి ఎవరిస్తారు? ఇంట్లో మిగిలిన పిల్లలకు అన్నం ఎవరు పెడతారు? భూమిలేని ఇంట్లో కూలి పోతే పొయ్యి వెలగదు. మాల, మాదిగ వాడల్లో భూమిలేని ఇళ్లే ఎందుకెక్కువో చెప్పకుండా ఈ జబ్బు గురించి మాట్లాడలేం.

తెలుగు పాఠం చెప్పే మనిషిగా అడుగుతున్నా. "వైద్యం మానేశారు" అన్న వాక్యంలో కర్త ఎవరు? తల్లిదండ్రులా, వాళ్లను నడిదారిలో వదిలేసిన రాజ్యమా? సకాలంలో వైద్యం అందించకపోవడం జీవించే హక్కును కాలరాయడమేనని 1996లోనే సుప్రీంకోర్టు పశ్చిమ బెంగాల్ ఖేత్ మజ్దూర్ సమితి కేసులో తేల్చింది.

కాబట్టి మనం అడిగేది దయ కాదు. అంగన్‌వాడీ పిల్లలకు ఏడాదికి రెండుసార్లు జరగాల్సిన ఆరోగ్య పరీక్షలో పొట్ట చూడాలి. ప్రతి ఏరియా ఆసుపత్రిలో స్కానింగ్ ఉండాలి. కీమో నడిచినన్నాళ్లూ బస్సు చార్జీ, బస, కూలి నష్టం సర్కారే భరించాలి.

విద్యార్థి మిత్రులారా, వాడకు వెళ్లినప్పుడు ఏ తల్లయినా "బిడ్డ పొట్టలో ఏదో తగులుతోంది" అంటే నమ్మండి. గడ్డను పదేపదే నొక్కనివ్వొద్దు, పగిలితే కాన్సర్ కణాలు పొట్టంతా చిందుతాయి. ఆ వారంలోనే స్కానింగ్ చేయించండి. చేయం అన్నవాళ్లతో ఆ మాట కాగితం మీద రాయించుకోండి.