తొర్రకు కాపలా

ఆస్ట్రేలియా దక్షిణ తీరాన కంగారూ ద్వీపమున్నది. అక్కడి నల్ల కాకటూ చిలుకతో మనకేమి పని అని పాఠకులు అనవచ్చును. ఆ పక్షి తినేది ఇంచుమించు ఒకే జాతి చెట్టు గింజలు; ఆ చెట్టు మన కోస్తా సరుగుడుకు దాయాది. ఆపాటి బంధుత్వం చాలదా?

ఈ చిలుక గూడు అల్లదు, మాను తొలవదు. ముసలి యూకలిప్టస్ మానులో కొమ్మ విరిగి, పుచ్చి, ఏర్పడిన తొర్రే దానికి పురిటిల్లు. అటువంటి తొర్రకు నూరేళ్లకు పైగా పడుతుంది. ఆడపక్షి పెట్టేది ఒక్కటే గుడ్డు. సుమారు నెల పొదుగుతుంది. మగపక్షి మేత తెచ్చి పెడుతుంది. పిల్ల ఎగరడానికి మరి మూడు నెలలు.

1995లో సంరక్షణ కార్యక్రమం ఆరంభమైననాడు ద్వీపంలో రెండు వందల పక్షులైనా లేవు. ఉద్యోగులతోపాటు స్వచ్ఛంద సేవకులు చెట్ల క్రింద నిలిచారు. మానును కర్రతో గీకితే లోపలి పక్షి తల బయటపెట్టి చూస్తుంది, వీరు వ్రాసుకొంటారు. ఆ వ్రాతలవల్లనే దొంగ పట్టుబడినది. రాత్రివేళ చెట్టెక్కి గుడ్లను తినేది పోసమ్ అనే జంతువు. మాను చుట్టూ నున్నని రేకు బిగించగా దాని గోళ్లు జారాయి. నూటికి 23 గూళ్లు ఫలించేచోట 42 ఫలించాయి. 2016 నాటికి పక్షులు 370 దాటాయి. 2019-20 కార్చిచ్చులో ద్వీపం దాదాపు సగం కాలినప్పుడు, ఏ గూటిచెట్టు ఎక్కడుండేదో తెలుపగలిగినవి ఈ పాత పట్టికలే.

పోసమ్ కూడ ఆ నేల బిడ్డే గదా, ప్రకృతిలో మనిషి చేయి పెట్టనేల అని అడిగేవారున్నారు. మేము అంగీకరించలేము. మహావృక్షాలను నరికి తొర్రలకు కరువు తెచ్చినది మనిషి చేయి. రేకు చుట్టే చేయి తరువాత వచ్చినది. అయితే రేకులతో, చెక్కపెట్టెలతో సరిపెట్టుకొని ముసలి మానులను వదలివేయడం కూడ మాకు సమ్మతం కాదు.

సేవ అనగానే మన విద్యార్థులకు వేదిక, పూలదండ, ఛాయాచిత్రం తోస్తాయి. (పెద్దలమూ ఇందుకు అతీతులము కాము.) గంటసేపు చెట్టు క్రింద నిలిచి, "పక్షి కనబడలేదు" అని ఉన్నదున్నట్లు వ్రాయడం కూడ సేవయే. ఉర్దూ శాఖ మిత్రులు దీనిని సబ్ర్ అంటారు.

మన రామచిలుక కాపురమూ తొర్రలోనే. 1972 చట్టం కాదన్నా అది పంజరాలలో అమ్ముడవుతూనే ఉన్నది. ఆవరణలోని ఎండుమానులను నరికించే ముందు, తొర్రలెన్ని, కాపురమున్నవెన్ని అని ఒక ఏడాది విద్యార్థులచేత వ్రాయించవలసినదిగా కళాశాల సంఘాన్ని కోరుతున్నాము. నోటుపుస్తకం మా తెలుగు శాఖ ఇస్తుంది.