తువ్వాలు కింది బేరం, హరం పక్కన హోటల్



మా జుక్కల్ వైపు పశువుల అంగడి చూసినవాళ్లకు ఈ తమాషా తెలుసు. కొనేవాడు, అమ్మేవాడు ఎదురెదురుగా నిలబడతారు. చేతుల మీద ఒక తువ్వాలు కప్పుతారు. లోపల వేళ్లు పట్టుకుని బేరం నడుస్తుంది. పక్కన నిలబడ్డవాడికి ధర తెలియదు. నోటితో ఒక్క మాట ఉండదు. కాని ఒక సంగతి గమనించండి. ఆ తువ్వాలు కింద దాచేది ధరను మాత్రమే. ఎద్దును ఎవడూ దాచడు. నోరు తెరిచి పళ్లు చూస్తారు, నాలుగడుగులు నడిపించి కుంటుతుందేమో చూస్తారు, మెడ తడిమి చూస్తారు. అంతా అయ్యాకనే తువ్వాలు.

ఇప్పుడు మన అమ్మీ అబ్బాల చేతుల మీద ఇంకో తువ్వాలు కప్పుతున్నారు. దాని కింద ధర బహిరంగంగానే ఉంటుంది, సరుకునే దాస్తారు. ఆ సరుకు పేరు ‘హరం పక్కన హోటల్’.

సరుకు దాచి అమ్మడం కొత్త విద్య కాదు. 1998లో అమెరికాలో ప్రైస్‌లైన్ అనే సైటు ‘నీ ధర నువ్వే చెప్పు’ అని ఒక బేరం మొదలుపెట్టింది. ఏ ఊరు, ఊళ్లో ఏ ప్రాంతం, ఎన్ని స్టార్లు, ఎంత ఇస్తావు అనేవి చెప్పి, కార్డు నెంబరు ముందే ఇవ్వాల్సి ఉండేది. ఏదో ఒక హోటల్ ఆ ధరకు ఒప్పుకుంటే పైసలు అక్కడికక్కడే కోసేసేవారు. హోటల్ పేరు ఆ తర్వాతే తెలిసేది. నచ్చకపోతే వెనక్కి ఇవ్వడం ఉండేది కాదు. హాట్‌వైర్ అనే ఇంకో సైటు కూడా పేరు దాచే అమ్మింది. హోటలు వాడికి ఇందులో లాభం ఏమిటంటే, ఈ రాత్రి ఖాళీగా మిగిలిన గది రేపటికి పనికిరాదు. పేరు పెట్టి చౌకగా అమ్మితే రేటు పడిపోతుంది, పాత గిరాకీ అలుగుతుంది. పేరు దాచి అమ్మితే గది నిండుతుంది, పరువూ నిలుస్తుంది.

అది జూదంలాంటి బేరమే. కాని వాళ్లలో ఒక నిజాయితీ ఉంది. ‘మేము పేరు దాస్తున్నాం, ఇష్టమైతే ఆడు’ అని ముందే చెప్పారు. ఒక రాత్రి పడుకోవడానికి గది వెతికే కుర్రవాడు తెలిసే ఆడాడు, గెలిచాడో ఓడాడో వాడి ఇష్టం. మన దగ్గర ఉమ్రా ప్యాకేజీ అమ్మేవాడు ఆ మాట చెప్పడు. కాగితం మీద హోటల్ పేరు రాస్తాడు, ఫొటో వేస్తాడు, కిటికీలోంచి మీనార్లు చూపిస్తాడు. పక్కన చిన్న అక్షరాల్లో ‘లేదా తత్సమానం’ అంటాడు. ఉర్దూలో అయితే ‘యా ఉస్ కె మసావీ’. తువ్వాలు ఆ రెండు ముక్కల్లో ఉంది.

నేను ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి. ‘మసావీ’ అంటే ఏమిటో, ‘తత్సమానం’ అంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. అయినా మా అమ్మీ ఉమ్రా కాగితం మీద ఆ మాట చదివి, ఏమీ అడగకుండా దస్తఖత్ పెట్టింది నేనే. విలేకరిగా పొద్దున లేస్తే పదిమందిని ప్రశ్నలు అడిగే నేను, అక్కడ మాత్రం నోరు మూసుకున్నాను. ఎందుకంటే పక్క ఏజెంటు కన్నా మనిషికి పదకొండు వేలు తక్కువ.

అమ్మీ మూడేళ్లుగా సోయా అమ్మినప్పుడల్లా కొంత, పిల్లలు ఈదీ ఇచ్చినప్పుడల్లా కొంత దాచుకుంది. మోకాళ్లు అరిగిపోయాయి. ఆమె అడిగింది ఒకటే: ‘బేటా, ఐదు నమాజులూ హరంలో చదువుకునేంత దగ్గర ఉండాలి.’ ఏజెంటు కూడా ఒకటే చెప్పాడు: ‘ఐదు వందల మీటర్లు, అమ్మీజాన్. బిల్కుల్ సామ్‌నే.’

భాయీజాన్, భాబీ ఆమెను తీసుకుని వెళ్లారు. మక్కాలో దిగాక తెలిసింది, కాగితం మీది హోటల్ ‘ఫుల్’ అయిందట. ‘మసావీ’ హోటల్ ఒక గుట్ట అవతల ఉంది. గదికి ఆరుగురు. హరం దాకా షటిల్ బస్సు, అది కూడా కొంత దూరంలో దించుతుంది. జుమా రోజు హరం చుట్టూ రోడ్లు మూసేస్తే బస్సు ఇంకా దూరంలోనే ఆగుతుంది. రెండు రోజులు అమ్మీ పట్టుదలతో వెళ్లింది. మూడో రోజు మోకాళ్లు వాచాయి. ఆ తర్వాత చాలా నమాజులు హోటల్ గదిలో, మంచాల మధ్య ఇరుకులో, కుర్చీ మీద కూర్చుని చదివింది. ఫోన్‌లో నాతో ఒక్క ఫిర్యాదు కూడా చేయలేదు. ‘అజాన్ వినపడుతుంది బేటా’ అన్నది. ఫోన్‌లోంచి అని భాబీ తర్వాత చెప్పింది.

ఈ ఏజెంటు పేరు నేను రాయను. ఒక పేరు రాస్తే మిగతావాళ్లంతా పాక్‌దామన్ అయిపోతారు. మీ ఊళ్లో, మీ మొహల్లాలో, మీ చుట్టాల్లో ఇట్లాంటి కథ ఒకటి లేదని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పండి.

ఇప్పుడు అసలు కోపం వచ్చే విషయానికి వస్తాను. భాయీజాన్ ఫోన్ చేసి నిలదీస్తే ఏజెంటు మొదట ‘సబ్ర్ కరో భాయ్, అల్లాహ్ కె ఘర్ మే ఝగ్‌డా నక్కో’ అన్నాడు. ఎంత తెలివైన మాట! పైసలు తీసుకునేటప్పుడు తాజిర్, జవాబు చెప్పేటప్పుడు సూఫీ. సబ్ర్ అల్లాహ్ ఇచ్చే ఆజ్మాయిష్ మీద చేస్తారు. ఒక మనిషి పెట్టే ధోకా మీద సబ్ర్ చేయమని ధోకా పెట్టినవాడే చెప్తే దాన్ని దీన్ అనరు, దుకాణదారీ అంటారు.

రెండో మాట ఇంకా గొప్పది: ‘మక్కా హదూద్ మొత్తం హరమే కదా, గదిలో చదివినా లక్ష నమాజుల సవాబే.’ అట్లా చెప్పిన ఉలమా ఉన్నారు, ఆ రాయ్‌ని నేను కాదనను. నేను అడిగేది ఒకటే. ఎక్కడ చదివినా ఒకటే అయితే, దగ్గరి హోటల్‌కు ఎక్కువ రేటు, దూరపు హోటల్‌కు తక్కువ రేటు ఎందుకు పెట్టావు మియా? ఆ ఫత్వా నీ పాంప్లెట్ మీద, రేటు పక్కన ఎందుకు అచ్చు వేయలేదు?

నేను ముఫ్తీని కాను. కాని మన మదర్సాల్లో చిన్న పిల్లలు కూడా చదివే మస్లా ఇది. గరర్ ఉన్న అమ్మకాన్ని హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లమ్ మనా చేశారని హజ్రత్ అబూ హురైరా రజియల్లాహు అన్హు రివాయత్ సహీహ్ ముస్లింలో ఉంది. గరర్ అంటే సరుకు ఏదో, ఎట్లాంటిదో, చేతికి వస్తుందో రాదో తెలియని బేరం. గాలిలో పక్షి, నీళ్లలో చేప అని ఫుఖహా మిసాల్ ఇస్తారు. మన తెలుగులో ఏట్లో బర్రెను ఉంచి కొమ్ములు చూపి బేరం చేసినట్టు అంటారు. రెండు సంప్రదాయాలూ నీళ్ల దగ్గరే కలిశాయి చూడండి. అదే రివాయత్‌లో రాయి విసిరే అమ్మకం ప్రస్తావన కూడా ఉంది. రాయి ఏ బట్ట మీద పడితే ఆ బట్ట నీది. పైసలు కట్టాక ఏ హోటల్ మీద పడితే ఆ హోటల్ నీది అనడానికి, దానికి తేడా ఏమిటో ఎవరైనా ఆలిమ్ సాబ్ నాకు చెప్పాలి.

ఏజెంట్ల తరఫు వకాలత్ కూడా విన్నాను. ‘చూడకుండా కొనడం ఇస్లాంలో లేదా? సలమ్ బేరం లేదా?’ అంటారు. ఉంది. రైతుకు ముందే పైసలిచ్చి రాబోయే పంట కొనవచ్చు. కాని అందులో కొలత, రకం, గడువు అన్నీ ముందే తేల్చాలి. ‘గోధుమలు లేదా తత్సమానం’ అంటే సలమ్ కాదు. పైగా హనఫీ ఫిఖ్‌హ్‌లో చూడకుండా కొన్నవాడికి చూశాక వద్దనే హక్కు ఉంది, దాన్ని ఖియారె రూయత్ అంటారు. మక్కాలో సామాన్లతో ఫుట్‌పాత్ మీద నిలబడ్డ మోకాళ్ల నొప్పి ముసలమ్మకు ఆ హక్కు ఎవరిస్తారు? వాపసు టికెట్ ఏజెంటు చేతిలో, చాలాసార్లు పాస్‌పోర్టు కూడా గ్రూప్ లీడర్ చేతిలో.

‘హోటళ్లు చివరిదాకా ఖాయం కావు, మా చేతిలో ఏముంది’ అనేది ఇంకో సాకు. 2025 ఉమ్రా సీజన్ నుంచి ఆ సాకుకు కూడా కాలం చెల్లింది. వీసా రావాలంటే లైసెన్సు ఉన్న హోటల్ ఒప్పందం ముందే నుసుక్ మసార్ వ్యవస్థలో నమోదు కావాలని సౌదీ హజ్-ఉమ్రా శాఖ నియమం పెట్టింది. అంటే వీసా చేతికొచ్చే నాటికి హోటల్ పేరు ఏజెంటుకు తెలుసు. తెలిసీ చెప్పకపోతే దాన్ని మజ్‌బూరీ అనరు.

నమ్మకం మీద నడిచే బేరం ఎక్కడికి చేరుతుందో 2025 హజ్‌లో చూశాం. భారత్ కోటా 1,75,025. అందులో 52,507 ప్రైవేటు ఆపరేటర్లకు ఇచ్చారు. మినా క్యాంపుల, వసతి, రవాణా ఒప్పందాలు సౌదీ పెట్టిన గడువులోగా పూర్తి కాలేదు. ప్రైవేటు కోటాలో చాలా భాగం చేజారింది. మన ప్రభుత్వం అడిగితే సౌదీ మళ్లీ 10,000 మందికి దారి తెరిచింది. మిగతావాళ్లు? రసీదు జేబులో ఉంది, ఇహ్రామ్ సూట్‌కేసులో ఉంది, మినాలో జాగా మాత్రం లేదు. తప్పు ఎవరిదని ఆపరేటర్లు, అధికారులు ఒకరి వైపు ఒకరు వేలు చూపించుకున్నారు. కన్నీళ్లు మాత్రం ఇళ్లల్లో కారాయి.

మన తప్పు కూడా మాట్లాడుకుందాం. పిల్ల పెళ్లికి ఫంక్షన్ హాలు బుక్ చేయాలంటే మూడుసార్లు వెళ్లి చూస్తాం, బాత్‌రూం తలుపుకు గడియ ఉందా లేదా అని కూడా చూస్తాం. ఫోన్ కొనాలంటే వారం రోజులు వీడియోలు చూస్తాం. అమ్మీ జీవితంలో ఒక్కసారి పోయే సఫర్‌కు మాత్రం ‘అల్లాహ్ మాలిక్’ అని దస్తఖత్ పెడతాం. అడిగితే బేఅదబీ అవుతుందేమో అని భయం. ఎందుకంటే ప్యాకేజీ తెచ్చింది మన మస్జిద్‌లో మనకు తెలిసిన సాబే. పదిమందిని తెస్తే పదకొండో సీటు ఆయనకు ఉచితం అనే సంగతి మనకు చెప్పరు. ఆ సీటు తీసుకోవద్దని నేను అనడం లేదు. తీసుకుంటున్నానని జమాత్‌కు చెప్పి తీసుకోండి. కమీషన్ దాస్తే ఏతబార్ కూడా సరుకైపోతుంది.

ఇక మీరు ఏం చేయాలి? పైసలు కట్టకముందే కాగితం మీద ఇవి రాయించుకోండి. హోటల్ పేరు, మ్యాప్‌లో దాని జాగా. దూరం మీటర్లలో కాదు, ముసలివాళ్ల నడకతో నిమిషాల్లో, అదీ హరం ఏ గేటు దాకా అని. దారిలో ఎత్తు ఉందా, మెట్లు ఉన్నాయా. గదికి ఎందరు. బస్సు ఉంటే ఏ వేళల్లో, ఎక్కడ దించుతుంది. హోటల్ మారితే ఎంత వాపసు. ‘లేదా తత్సమానం’ అనే మాట కొట్టేయించి పక్కన సంతకం పెట్టించండి. నగదు ఇవ్వకండి, బ్యాంకు ద్వారా కట్టి రసీదు తీసుకోండి.

ధోకా జరిగితే ఖామోష్ ఉండకండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మీరు ఉండే జిల్లాలోనే కమిషన్‌కు ఫిర్యాదు ఇవ్వవచ్చు, ఏజెంటు ఆఫీసు హైదరాబాద్‌లో ఉన్నా సరే. రెండేళ్ల గడువు ఉంది. కట్టిన సొమ్ము ఐదు లక్షల లోపు అయితే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు. ముందుగా 1915కు ఫోన్ చేయండి. ‘ఇంకా మూడే సీట్లు’ అని అబద్ధపు తొందర పెట్టడం కూడా 2023లో కేంద్రం నిషేధించిన మోసపు పద్ధతుల జాబితాలో ఉంది.

‘అల్లాహ్ ఇంటికి పోయి వచ్చి కోర్టుకు పోతావా’ అని ఎవరైనా అంటే ఒక వాకియా గుర్తు చేయండి. మదీనా బజారులో ధాన్యపు కుప్పలో హుజూర్ సల్లల్లాహు అలైహి వసల్లమ్ చెయ్యి పెట్టి చూశారు. పైన పొడి, లోపల తడి. వాన పడిందని వ్యాపారి చెప్పాడు. అయితే తడిది జనానికి కనపడేట్టు పైన ఎందుకు పెట్టలేదని అడిగారు. బజారులో అడగడం, కుప్పలో చెయ్యి పెట్టి చూడడం సున్నతే. మనం దాన్ని బేఅదబీ అనుకుంటున్నాం.

అమ్మీ మళ్లీ పైసలు దాస్తోంది. ‘ఇంషా అల్లాహ్, ఇంకోసారి’ అంటోంది. మోకాళ్లు ఇంకోసారికి ఒప్పుకుంటాయో లేదో నాకు తెలియదు. మొన్న ఇంకో ఏజెంటు మా ఇంటికి వచ్చి, చాయ్ తాగి, పాంప్లెట్ తీశాడు. నేను నోరు తెరిచేలోపే అమ్మీ అడిగింది: ‘కౌన్‌సా హోటల్? నామ్ బోలో.’

అతను చాయ్ కప్పు కింద పెట్టి, ఆఫీసులో అడిగి చెప్తానని వెళ్లాడు. ఇంతవరకు మళ్లీ రాలేదు. వచ్చేవారం జుమా తర్వాత మీ మస్జిద్ గేటు దగ్గర పాంప్లెట్లు పంచితే మీరూ అదే ప్రశ్న అడగండి.