హలాల్ అన్నది ఒక ప్రశ్న, తయ్యిబ్ అన్నది మరొక ప్రశ్న

 

ఈ నెల మీతో నా పొరపాటు ఒకటి చెప్పుకోదలచాను. గత వేసవిలో మా తుమ్మలపల్లెకు దగ్గరలోని ఒక గ్రామంలో వలీమా విందు జరిగింది. నిఖా జరిపించినవాణ్ణి గనుక నేను కూడా వెళ్లాను. వంటవారు ఫజ్ర్‌కు ముందే పొట్టేలు మాంసం కూర వండి దించారు. మధ్యాహ్నం వడ్డించవలసిన దేగిచాలను నిప్పుల మీదనే ఉంచారు. ఒక్కదానిని మాత్రం, చాలకపోతే తీయవచ్చునని మూతపెట్టి షామియానా మూలన ఉంచారు. దాని అవసరం పడలేదు. సాయంత్రం దూరపు బంధువులు కొందరు వచ్చారు. అస్ర్ తరువాత ఇంటి యజమాని నన్ను పక్కకు పిలిచి, "హజ్రత్, పొద్దున వండిన కూర ఇది. వీరికి పెట్టవచ్చునా? పారబోస్తే గునాహ్ కదా?" అని అడిగాడు.

నేను మూత తీయించి వాసన చూశాను. దుర్వాసన లేదు. మాంసం హలాల్. అన్నం వృథా చేయరాదు. "బిస్మిల్లాహ్ చెప్పి వడ్డించండి" అన్నాను. కూరను గోరువెచ్చగా చేసి వడ్డించారు.

తెల్లవారేసరికి ఆ కూర తిన్నవారిలో పదిమందికి పైగా కడుపునొప్పితో, విరేచనాలతో మంచం పట్టారు. నాలుగేళ్ల పసివాడిని, ఒక వృద్ధురాలిని ఆసుపత్రికి తరలించి సెలైన్ ఎక్కించవలసి వచ్చింది. అల్‌హందులిల్లాహ్, అందరూ కోలుకున్నారు. ఇంటి యజమాని నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అయినా ఆ తప్పు వంటవారిది కాదు, నాది. ఆయన అడిగినది ఆరోగ్యానికి సంబంధించిన ప్రశ్న. నేను ఇచ్చినది ఫత్వా.

నేను ఎక్కడ పొరబడ్డాను? వేటాడిన జంతువు మూడు రోజుల తరువాత దొరికినా, దుర్వాసన రానంతవరకు తినవచ్చునని దైవప్రవక్త (స) అనుమతించిన విషయాన్ని హజ్రత్ అబూ సఅలబా (రజి) ఉల్లేఖించారు. సహీహ్ ముస్లింలోని ఆ హదీసును ఏటా విద్యార్థులకు బోధిస్తాను. వేటగాడికి లభించిన ఆ అనుమతిని నేను ఎండాకాలంలో పగలంతా మూతపెట్టి ఉంచిన దేగిచాకు హామీపత్రంగా మార్చాను. పైగా దివ్య ఖుర్‌ఆన్ బఖరా సూరా 168వ ఆయతులో అల్లాహ్ మానవులను ఆదేశించినది హలాల్ ఆహారం తినమని మాత్రమే కాదు. హలాల్, తయ్యిబ్ అనే రెండు మాటలను పక్కపక్కనే ఉంచాడు. ధర్మసమ్మతమా అన్నది మొదటి ప్రశ్న. పరిశుభ్రమైనదా, మేలైనదా అన్నది రెండవ ప్రశ్న. మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబునే రెండవదానికీ సరిపెట్టాను.

వైద్యుడు నాకు ఓపికగా వివరించాడు. ఆహారాన్ని కుళ్లబెట్టి వాసన పుట్టించే సూక్ష్మజీవులు వేరు, మనిషిని జబ్బుపరిచేవి వేరు. ఈ రెండవ రకం చాలాసార్లు రంగు, రుచి, వాసన ఏదీ మార్చవు. ప్రయోగశాలలో పరీక్ష జరగలేదు గాని, జబ్బు తీరునూ తిన్న వేళనూ బట్టి ఆయన క్లాస్ట్రీడియం పెర్‌ఫ్రింజెన్స్ అనే సూక్ష్మజీవిని అనుమానించాడు. వంట వేడికి ఆ జీవి చస్తుంది. కాని అది గట్టి విత్తనం వంటి స్పోరుగా మారి ఉంటే ఆ స్పోరు చావదు. పెద్ద దేగిచా నడుమ గాలి ఆడదు, వేడి తొందరగా తగ్గదు. స్పోరు మళ్లీ మొలకెత్తడానికి అంతకంటె అనువైన చోటు లేదు. 43 డిగ్రీల ప్రాంతంలో అది పది నిమిషాలకే రెట్టింపు కాగలదు. ఆ లెక్కన ఒక్కటి మూడు గంటలలో 2,62,144 అవుతుంది. మన కడప, కర్నూలు ప్రాంతాలలో ఎండాకాలపు గాలియే ఆ వేడికి దగ్గరగా ఉంటుంది.

ఆహారంలోని సూక్ష్మజీవుల ముప్పును అంచనా వేయడానికి కోడెక్స్ అనే అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంఘం 1999లో ఒక పద్ధతిని నిర్దేశించింది. అందులోని నాలుగు మెట్లను ఇంటి ఇల్లాలు కూడా నాలుగు ప్రశ్నలుగా వేసుకోవచ్చు.

మొదటిది: ముప్పు ఏది? మా ఊరి పేరు వినగానే అందరికీ యురేనియం గని గుర్తుకు వస్తుంది. ఇక్కడి నీటి గురించి చుట్టుపక్కల రైతులు ఏళ్ల తరబడి ఆందోళన చెందుతున్నారు. "హజ్రత్, మరిగించి తాగితే చాలునా?" అని తల్లులు నన్ను అడుగుతారు. మరిగిస్తే రోగక్రిములు చస్తాయి. నీటిలో కరిగి ఉన్న లోహాలు, ఫ్లోరైడు పోవు. ముప్పును గుర్తించకుండా చేసిన జాగ్రత్త గురి చూడకుండా వేసిన బాణం వంటిది.

రెండవది: ఎవరికి ఎంత హాని? ఏటా సుమారు 60 కోట్లమంది కలుషిత ఆహారం వలన జబ్బుపడుతున్నారని, 4,20,000 మంది మరణిస్తున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో అంచనా వేసింది. మృతులలో 1,25,000 మంది అయిదేళ్లలోపు పసివారు. యువకుడికి ఒక పూట కడుపునొప్పితో పోయేది పసిబిడ్డకు, గర్భిణికి, వృద్ధులకు ప్రాణాపాయం కావచ్చు.

మూడవది: పళ్లెంలోకి ఎంత చేరుతుంది? ఇక్కడ కాలం, వేడి రెండే ముఖ్యం. 5 డిగ్రీలకు పైన, 60 డిగ్రీలకు లోపల సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. వండిన పదార్థాన్ని ఆ నడిమి వేడిలో రెండు గంటలకు మించి ఉంచరాదు.

నాలుగవది: ఈ మూడూ కలిపి చూస్తే తీర్పు ఏమిటి? తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30న పచ్చిగుడ్లతో చేసే మయొనైజ్‌ను ఒక సంవత్సరం పాటు నిషేధించింది. గుడ్డు హలాలే, నూనె హలాలే. కాని పచ్చిగుడ్డులో సాల్మొనెల్లా ఉండవచ్చు. దానిని చంపే వేడి ఆ తయారీలో ఎక్కడా లేదు. తినేవారిలో పిల్లలు ఎక్కువ. అమ్మేచోట గంటల తరబడి బయటనే ఉంటుంది. నాలుగు ప్రశ్నలకూ జవాబు ఒకే వైపు చూపుతున్నది.

ఇక మన ఇళ్లలో చేయవలసినవి కష్టమైనవి కావు. మిగిలిన కూరను, బిర్యానీని లోతులేని చిన్న గిన్నెలలోకి తీసి త్వరగా చల్లార్చి ఫ్రిజ్‌లో ఉంచాలి. మళ్లీ తినేటప్పుడు గోరువెచ్చగా కాదు, కళపెళ మరిగేలా వేడిచేయాలి. అయితే అన్నంలో పెరిగే బాసిల్లస్ సీరియస్, చేతి పుండ్ల నుండి చేరే స్టెఫైలోకాకస్ విడిచే కొన్ని విషాలు మరిగించినా పోవు. కనుక ఆలస్యమైన అన్నాన్ని పొయ్యి బాగుచేయలేదు. బక్రీద్ నాడు పచ్చిమాంసం కోసిన కత్తిని, పీటను కడగకుండా ఉల్లిపాయలు, కొత్తిమీర తరగరాదు. చేతికి పుండు ఉన్నవారు వడ్డన చేయరాదు. రాత్రివేళ పాత్రలపై మూత ఉంచమని దైవప్రవక్త (స) చేసిన బోధ మనకు తెలిసినదే. ఆ మూత కింద ఉన్నది ఎంతసేపటిదో తెలుసుకోవడం కూడా మన బాధ్యతే.

"మరి ఇస్రాఫ్ సంగతి ఏమిటి?" అని మీరు అడగవచ్చు. అన్నం పారబోయడం బాధాకరమే. కాని ఆ వృథా సాయంత్రం పారబోసినప్పుడు జరగలేదు. అవసరానికి మించి ఒక దేగిచా వండినప్పుడే జరిగింది. ఆ వృథాను అతిథి కడుపులోకి పంపితే పుణ్యంగా మారదు. పైగా ఇతరులకు హాని కలిగించరాదన్న షరీఅత్ సూత్రాన్ని ఉల్లంఘించినట్లవుతుంది. మిగులుతుందని తోచినప్పుడు వేడిగా ఉండగానే, మధ్యాహ్నమే పేదల ఇళ్లకు పంపడం మేలు. మనం మన పిల్లలకు పెట్టడానికి వెనుకాడే దానిని సదఖా పేరుతో ఇతరులకు ఇవ్వడం తగదు.

ఈ మధ్య మరొక విందులో అదే ప్రశ్న నన్ను అడిగారు. ఈసారి నేను మూత తీయమనలేదు. "పొయ్యి మీద నుండి ఎప్పుడు దించారు?" అని అడిగాను. జవాబు విని, "ఇది వద్దు. అతిథులకు వేడి అన్నం, పప్పు చేయించండి" అన్నాను. యజమాని ముఖం చిన్నబోయింది. సందేహం కలిగించేదాన్ని విడిచి సందేహం లేనిదాన్ని ఎంచుకోమన్న దైవప్రవక్త (స) బోధను ఆయనకు గుర్తుచేశాను. అరగంటలో పప్పన్నం సిద్ధమైంది. అందరూ తృప్తిగా తిన్నారు. మరునాడు ఎవరూ ఆసుపత్రికి వెళ్లలేదు.

అల్లాహ్ మన ఆహారాన్ని హలాల్‌గాను, తయ్యిబ్‌గాను ఉంచుగాక! తెలియని విషయంలో తెలిసినట్లు పలకకుండా నన్నూ మిమ్మల్నీ కాపాడుగాక! ఆమీన్.